కారు నమూనాకు ‘వివరాలు’ జోడించవచ్చునా?

సందేహం: పాతకాలపు ఖరీదైన కార్ల నమూనాలకు సీట్లు, తివాచీలు, చెక్కపని వంటివి అమర్చడం నాకు ఇష్టమైన వ్యాపకం. మా తెలుగు సంఘం సంచికకు రాసిన వ్యాసంలో “24 రెట్లు చిన్నదైన నా రోల్స్ రాయిస్ సిల్వర్ క్లౌడ్ నమూనాకు వాస్తవమైన అంతర్గత వివరాలను జోడించాను” అన్నాను. ‘వివరాలు’ తప్పనీ, ‘సూక్ష్మాంశాలు’ అనాలనీ ఒక మిత్రుడు సరిదిద్దారు. ఏది సాధువు?
— ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం సమంజసమే గాని, ఆయన సూచించిన మాట అంతకంటె మెరుగైనదేమీ కాదు. తెలుగులో వివరం అనేది అడిగేది, చెప్పేది, రాసుకునేది. పెళ్లిసంబంధం వివరాలు కనుక్కుంటాం, ఖర్చుల వివరాలు రాసిపెడతాం. అది మాటకు చెందినదే తప్ప వస్తువుకు అతికించేది కాదు. బేలూరు చెన్నకేశవాలయంలో మదనికలనే శిలాసుందరుల మెడలో రాతితో చెక్కిన హారాలను దగ్గరగా చూసిన తెలుగువాడెవడూ “ఎన్ని వివరాలో!” అనడు, “ఎంత పనితనం!” అంటాడు. పైగా సంస్కృతంలో ‘వివరం’ అంటే కన్నం, రంధ్రం అనే అర్థం ప్రసిద్ధం కనుక, మీ వాక్యం చదివిన పండితుడెవరైనా మీరు కారుకు బెజ్జాలు పెట్టారనుకునే ప్రమాదమూ ఉంది. ఇక సూక్ష్మాంశాలు శాస్త్రచర్చలో బయటపడతాయి, సీట్ల మీద కనిపించవు.

అయితే దానికి బదులు ఏ నామవాచకం పెట్టాలని వెతకడంలోనే అసలు చిక్కు ఉంది. ఇటువంటి చోట తెలుగు తన బలాన్ని క్రియలో చూపిస్తుంది. మీరు చేసిన పనులన్నిటినీ ‘జోడించడం’ అనే ఒక్క క్రియ కిందికి తోసివేయడం వల్ల, వాటి మధ్య ఉన్న తేడా అంతా మాసిపోయింది. నేల మీద జిగురు పూసి, దానిపై సన్నని నైలాన్ నూగు చల్లి తివాచీ మెత్తదనం తెచ్చి ఉంటారు కదా, దానిని ‘అద్దడం’ అంటాం. కలంకారీ అద్దకం తెలిసినవారికి ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. డ్యాష్‌బోర్డు ముఖాన చెక్కపొరను అంటించి ఉంటే అది ‘తాపడం’. గర్భగుడి తలుపులకు వెండి తాపడం అన్నట్టే అక్రోటు చెక్క తాపడం అనడానికి అడ్డేమీ లేదు. మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటని మీటరు ముఖాలను వాటి గుంటల్లో కూర్చి, పైన గాజులా ఆరే వార్నిషు చుక్క వదిలారనుకోండి, అది ‘పొదగడం’. సీట్లు ‘అమరుస్తాం’, ముందు సీట్ల వీపున మడతపెట్టే చిన్న బల్లలను ‘బిగిస్తాం’. ఇన్ని క్రియలు చేతిలో ఉండగా వివరం అనే మాట అవసరమే రాదు. అన్నిటినీ కలిపి ఒక్క మాటలో చెప్పవలసివస్తే ‘లోపలి హంగులు’ అనవచ్చు. ‘అంతర్గత’ను మాత్రం రాజకీయపక్షాల కలహాలకు వదిలేయండి.

‘వాస్తవమైన’ అన్నది ఇంకొంచెం లోతుగా చూడవలసిన పొరపాటు. వాస్తవమైనది వేరు, వాస్తవంలా కనిపించేది వేరు. మీ వ్యాపకంలో ఈ రెండూ ఒక్కొక్కసారి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. అరమిల్లీమీటరు మందం ఉన్న అసలు తోలును తెచ్చి సీటుకు తొడిగారనుకోండి, కారు కొలతకు పెంచి చూస్తే అది 12 మిల్లీమీటర్ల మందాన ఉంటుంది, అంత మందపు తోలు ఏ కారు సీటుకూ ఉండదు. అక్రోటు చెక్క సంగతీ అంతే. చెట్టు మాను మీది బుడిపెను పలుచని పొరలుగా కోసినప్పుడు కనిపించే ఆ సుడులు పెద్ద కారులో ఎంత అందంగా ఉన్నా, అదే పొరను నమూనాలో పెడితే ఉండవలసినదానికి 24 రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. అందుకే నేర్పరులు తోలుకు మెరుపు తగ్గించిన రంగునూ, చెక్కకు సన్నని కుంచెతో గీసిన చారలనూ ఆశ్రయిస్తారు. అక్కడ వాస్తవమైనది ఒక్కటీ లేదు, చూపుకు మాత్రం అంతా వాస్తవమే. కనుక ‘సహజంగా కనిపించే’ అనండి, లేదా ‘అచ్చం అసలు కారులో ఉన్నట్టే’ అనండి. రెండోది నాకు ఎక్కువ ఇష్టం, అది నోటి మాట.

మీరు అడగకపోయినా ‘24 రెట్లు చిన్నదైన’ అన్నదాన్ని విడిచిపెట్టలేను. రెట్టింపు, రెట్టించడం అన్న మాటలను బట్టి చూసినా రెట్లు పెరుగుదలకే చెల్లుతాయి. తరుగుదలకు చెప్పవలసింది ‘వంతు’. పత్రికలు “మూడు రెట్లు తగ్గింది” అని రోజూ రాస్తున్నంత మాత్రాన అది అంగీకారయోగ్యం కాదు. అయితే ‘కారులో ఇరవైనాలుగో వంతు’ అని ఊరుకుంటే కూడా సరిపోదు, ఎందుకంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఆ మేరకు తగ్గినప్పుడు ఘనపరిమాణం 13,824వ వంతుకు దిగిపోతుంది. 1955లో వచ్చిన సిల్వర్ క్లౌడ్ పొడవు సుమారు 5.38 మీటర్లు కాగా మీ నమూనా పొడవు 22 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది, అంటే వంతు అనేది కొలతకే గాని కారుకు కాదు. కాబట్టి మీ వాక్యాన్ని “అసలు కొలతల్లో ఇరవైనాలుగో వంతుకు చేసిన సిల్వర్ క్లౌడ్ నమూనాలో లోపలి హంగులన్నీ అచ్చం కారులో ఉన్నట్టే అమర్చాను” అని తిరగరాసుకోవచ్చు.

ఇంగ్లీషు మాటలన్నీ తీసివేయాలని దీని భావం కాదు. స్టీరింగు, డ్యాష్‌బోర్డు, గేరు తెలుగులో ఎప్పుడో స్థిరపడ్డాయి. సీటు అంచున కుట్టే గుండ్రని పట్టీకి తెలుగు మాట కోసం తడుముకోనక్కరలేదు, ‘పైపింగ్’ అనే రాయండి. జాకెట్టు మెడకు పైపింగ్ వేయించుకోని తెలుగు ఇల్లాలు బెంగళూరులో దొరకడం కష్టం, జె.సి. రోడ్డులో సీటు కవర్లు కుట్టేవారిని అడిగినా ఆ మాటే చెబుతారు.