నోరు విప్పకుండా బెదిరించవచ్చా?

ప్రశ్న: ఉగాండా ప్రతిపక్ష ఎంపీగా ఉన్నప్పుడు బాబీ వైన్ పడ్డ ఇబ్బందుల గురించి వ్యాసం రాస్తూ, "సైనికులు ఇంటి చుట్టూ మోహరించి ఆయనను బెదిరించారు, 10 రోజులకు పైగా గృహనిర్బంధం చేశారు" అన్నాను. నోటితో ఏమీ అననప్పుడు అది బెదిరింపు కాదని, 'భయపెట్టారు' అనాలని ఒక మిత్రుడు సరిదిద్దారు. 'గృహనిర్బంధం చేశారు' కూడా తప్పేనట. నిజమేనా?

జవాబు: మొదటిదాంట్లో మీ మిత్రుడితో నాకు పేచీ ఉంది. 'బెదురు' నుంచి వచ్చిందే 'బెదిరించు'. 'ముదురు' 'ముదిరింది' అయినట్టే 'బెదురు'లోని దు ది అయింది. బెదరడానికి మాటలతో పనేముంది? లారీ హారన్‌కు ఎద్దు బెదురుతుంది. చేలో దిష్టిబొమ్మను చూసి పిట్టలు బెదురుతాయి, ఆ బొమ్మ ఏనాడూ నోరు తెరవదు.

అయితే ఇప్పటి వాడుకలో ఈ మాటకు ఒక షరతు వచ్చి చేరింది. 'చెప్పినట్టు వినకపోతే నీ సంగతి చూస్తా' అంటేనే బెదిరింపు అనుకుంటున్నాం. భయపెట్టడానికి ఆ షరతు అక్కర్లేదు. తలుపు చాటు నుంచి 'భౌ' అని పిల్లాణ్ని భయపెట్టేవాడు వాడి దగ్గర ఏమీ ఆశించడు. మరి 2021 జనవరి 14న పోలింగ్ అయ్యాక, అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి గేటు ముందు తుపాకులతో నిలబడ్డవాళ్లు ఏమీ ఆశించలేదా? 'గడప దాటకు' అన్న షరతు చెప్పకుండానే తెలుస్తోంది. 'బెదిరించారు' అనే ఉంచండి.

కానీ అన్నిచోట్లా అదే మాట వాడకండి. 2017 సెప్టెంబరు 27న అధ్యక్షుడి వయోపరిమితిపై గొడవ జరుగుతుంటే, భద్రతా సిబ్బంది పార్లమెంటులోకి చొరబడి ప్రతిపక్ష సభ్యులను ఈడ్చుకుపోయారు. అది దౌర్జన్యం. 2018 ఆగస్టులో అరువా పట్టణంలో బాబీ వైన్ డ్రైవర్ కాల్పుల్లో చనిపోయాడు. దాన్ని 'బెదిరింపుల పర్వం'లో కలిపేస్తే మాట చిన్నదైపోతుంది.

ఇక గృహనిర్బంధం. 'హౌస్ అరెస్టు చేశారు' అన్నదాన్ని చూసి పుట్టిన వాడుక ఇది. మన పత్రికల్లో బాగానే నలిగింది కాబట్టి తప్పు అనను. కానీ మీ వాక్యంలో '10 రోజులకు పైగా' ఉంది. అరెస్టు ఒకసారి జరిగేది, నిర్బంధం కొనసాగేది. అందుకే రోజుల లెక్క చెప్పేటప్పుడు 'గృహనిర్బంధంలో ఉంచారు' అంటేనే చెవికి ఇంపు. మీ వ్యాసానికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఈ నిర్బంధం కేసులో అక్కడి హైకోర్టు 2021 జనవరి 25న ఇచ్చిన తీర్పులో, ఒకరి ఇల్లు నిర్బంధానికి తగిన చోటు కాదని చెప్పి సైనికులను వెళ్లిపొమ్మంది. ఆ లెక్కన 'గృహ', 'నిర్బంధం' జతకట్టడమే చట్టానికి కుదరలేదన్నమాట!

అధికారులేమో అదంతా ఆయన రక్షణకేనన్నారు. ఆ వాదన రాసేటప్పుడు 'కాపలా' అనే మాట జోలికి వెళ్లకండి. ఖజానాకూ కాపలా అంటాం, ఖైదీకీ కాపలా అంటాం. మీరు ఏది చెబుతున్నారో చదివేవాళ్లకు తెలియదు.