ట్రాక్ పక్కనుంచి: యానుష్ కుసొచీన్‌స్కీ గురించి మీరడిగినవి

ప్రశ్న: 1932 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు గెలిచిన పోలండ్ ఆయన్ని తర్వాత జర్మన్లు కాల్చి చంపారని మా కాలేజీ క్విజ్‌లో చెప్పారు. పేరు రాసుకున్నాను గానీ నోరు తిరగలేదు. ఎవరండీ ఆయన? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: యానుష్ కుసొచీన్‌స్కీ. ‘చీ’ దగ్గర కాస్త ఒత్తి పలకండి, నోరు అదే తిరుగుతుంది. వార్సా జనం అంత శ్రమ కూడా పడలేదు, ‘కుసి’ అని పిలుచుకున్నారు. కురచవాడు అని అర్థం. ఇంటిపేరులోంచి పుట్టిన ముద్దుపేరు.

నాకీ పేరు తెలిసి నలభై ఏళ్లు దాటింది. నేను పదివేలు పరుగెత్తే రోజుల్లో మా కోచ్‌గారు ల్యాప్ టైములు రాసుకునే నోటు పుస్తకం లోపలి అట్ట మీద 30:11.4 అని ఎర్ర సిరాతో రాసి ఉండేది. ఎవరిదండీ ఈ టైమని అడిగితే ఆయన చెప్పింది సగం కథే, స్వర్ణ పతకం దాకా. మిగతా సగం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే మీ ఉత్తరం చూడగానే, ఇదే విషయం మీద వచ్చిన ఇంకో నాలుగు ఉత్తరాలు కూడా వెతికి తీశాను. ఈ సంచిక మొత్తం ఆయనకే.

1907 జనవరిలో వార్సాలో పుట్టారు. అప్పటికి పోలండ్ అనే దేశమే పటం మీద లేదు. వార్సా రష్యా జార్ ఏలుబడిలో ఉండేది. తండ్రి రైల్వే ఉద్యోగి. ఇద్దరు అన్నలు యుద్ధాల్లోనే పోయారు: ఒకరు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో, ఇంకొకరు 1920లో సోవియట్ రష్యాతో జరిగిన యుద్ధంలో. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ దీని పని పడుతుంది.

కుర్రతనంలో ఆయన ఆట ఫుట్‌బాల్. ఒకసారి రిలే జట్టులో ఒక కుర్రాడు రాకపోతే ఆ ఖాళీలో ఈయన్ని నిలబెట్టారు. ఆ పూట పట్టుకున్న పరుగును మళ్లీ వదల్లేదు. అప్పట్లో పోలండ్ జట్టుకు శిక్షణ ఇస్తున్నది ఎస్టోనియాకు చెందిన అలెక్సాండర్ క్లుంబెర్గ్, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) కాంస్యం గెలిచిన మనిషి. ఆయన చేతిలో కుసి రాటుదేలారు. బతుకుతెరువుకు మాత్రం వార్సాలోని వాజెంకి పార్కులో తోటమాలి. చెట్లకు పాదులు తీసి, నీళ్లు పెట్టి, ఆ తర్వాత ట్రాక్‌కు వెళ్లి పరుగెత్తేవారు. స్పాన్సర్లు, డైటీషియన్లు లేని కాలం.

1932 జూన్ 19న ఆంట్వెర్ప్‌లో 3,000 మీటర్లు 8 నిమిషాల 18.8 సెకన్లలో ముగించి ఫిన్లండ్ పరుగువీరుడు పావో నూర్మి పేరున ఉన్న ప్రపంచ రికార్డు చెరిపేశారు. ఆరు వారాలు తిరిగేసరికి లాస్ ఏంజెలెస్ కొలీజియంలో పదివేల మీటర్ల గీత దగ్గర నిలబడ్డారు.

ఆ రేసు సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. 1912లో ఈ పోటీ ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పటి నుంచీ స్వర్ణం ఫిన్లండ్ గడప దాటి బయటికి పోలేదు. కొలెమైనెన్, నూర్మి, రితోలా, మళ్లీ నూర్మి. 1932లో కూడా ఫిన్లండ్ తరఫున వోల్మారి ఇసో హొల్లో, లౌరి వీర్తానెన్ ఉన్నారు. చివరికి పోటీ ఇద్దరి మధ్య మిగిలింది, కుసికీ ఇసో హొల్లోకీ. ఇరవై ఐదు ల్యాపులు. సగటున ల్యాపుకు డెబ్బై రెండున్నర సెకన్లు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ వేగంతో ఒక్క ల్యాప్ పరుగెత్తి చూడండి, సంగతి తెలుస్తుంది. చివరి ల్యాప్‌లో కుసి ముందుకు దూకి 30:11.4కి గీత దాటారు. ఇసో హొల్లో 30:12.6. తేడా సెకనూ చిల్లర. అథ్లెటిక్స్‌లో పోలండ్ మగవాళ్లకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

రేసు అయ్యేసరికి ఆయన పాదాలు బొబ్బలెక్కి చితికిపోయాయి. తర్వాత జరగాల్సిన 5,000 మీటర్లకు దిగలేకపోయారు. బొబ్బ అంటే చిన్న విషయమనుకోవద్దు. ఒకసారి జిల్లా పోటీల్లో పన్నెండో ల్యాప్‌కు నా కుడి మడమ మీద బొబ్బ లేచింది. పద్దెనిమిదికి చితికింది. అక్కడి నుంచి అడుగు పడ్డ ప్రతిసారీ చర్మం మేజోడుతో పాటు జరిగి మళ్లీ వెనక్కి వచ్చేది. రేసు పూర్తిచేశాక మేజోడు లాగితే చర్మం కూడా ఊడొచ్చింది. నేనప్పుడు చివరి నుంచి రెండోవాణ్ణి, నన్ను తరుముతున్నవాడు లేడు. ఆయన పక్కన ఇసో హొల్లో ఉన్నాడు.

ప్రశ్న: ఆ ఏడాది నూర్మిని పోటీకి రానివ్వలేదు కదా. ఆయన దిగి ఉంటే కుసొచీన్‌స్కీ గెలిచేవాడా? (పాత పాఠకుడు)

జవాబు: న్యాయమైన ప్రశ్నే. ప్రయాణ ఖర్చుల పేరుతో డబ్బు ఎక్కువ తీసుకున్నాడని, అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడేవాడు) కాదని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య నూర్మిని పక్కన పెట్టింది. పదివేల మీటర్ల ప్రపంచ రికార్డు అప్పటికీ నూర్మిదే, 1924లో పెట్టిన 30:06.2. కానీ 1932 నాటికి నూర్మికి 35 ఏళ్లు, కుసికి 25. నా మటుకు నేను కుసి వైపే. నూర్మి 1928 ఒలింపిక్స్‌లో గెలిచిన టైము 30:18.8. కుసి దానికంటే ఏడు సెకన్లు ముందున్నారు.

ప్రశ్న: స్వర్ణం గెలిచిన మనిషి, దేశమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి. యుద్ధం వచ్చినప్పుడు ఎక్కడికైనా వెళ్లిపోయి ఉండొచ్చు. ఎందుకు ఉండిపోయాడు? నిజంగా తుపాకీ పట్టి పోరాడాడా? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: పట్టారమ్మా. తప్పించుకోవడానికి మోకాలే పెద్ద సాకుగా పనికొచ్చేది. 1934లో టురిన్ యూరోపియన్ పోటీల్లో 5,000 మీటర్లలో రజతం తెచ్చాక మోకాలి గాయం ఆయన్ని మూలన కూర్చోబెట్టింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ పోయాయి. ఆ ఖాళీలో వార్సాలోని వ్యాయామ విద్యా సంస్థలో చదువుకుని 1938లో పట్టా పుచ్చుకున్నారు. ఇక ఈయన పని అయిపోయిందని అందరూ అనుకున్నాక, 1939లో తిరిగొచ్చి పదివేల మీటర్లలో పోలండ్ ఛాంపియన్ అయ్యారు. 32 ఏళ్ల వయసులో! తర్వాతి ఒలింపిక్స్ 1940 జూలై 20న హెల్సింకీలో మొదలవ్వాలి. ఫిన్నుల సొంత గడ్డ మీద మళ్లీ పదివేలు. ఏ పరుగువాడి మనసైనా ఎంత ఊరి ఉంటుందో నేను ఊహించగలను.

సెప్టెంబరు 1న జర్మన్ సైన్యం పోలండ్ మీద పడింది. కుసి స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. వార్సాను కాపాడే పోరులో మెషిన్‌గన్ దళంలో ఉన్నారు, రెండుసార్లు గాయపడ్డారు. ధైర్యసాహసాలకు ఇచ్చే శిలువ పతకం దక్కింది. 28న నగరం లొంగిపోయింది.

ఆ తర్వాతి సంగతే నన్ను ఎక్కువగా పట్టుకుంటుంది. గాయాలు మానాక వార్సాలో ‘పొద్ కొగూతెమ్’ అనే బార్‌లో వెయిటర్‌గా చేరారు. ‘కోడిపుంజు గుర్తు’ అని అర్థం చెప్పుకోవచ్చు. పని లేకుండా పోయిన క్రీడాకారులు తిండి కోసం నడుపుకున్న చోటు అది. మొన్నటి ఒలింపిక్ విజేత భుజాన తువ్వాలు వేసుకుని ప్లేట్లు మోశారు. ఆ పనికి ఆయన చిన్నతనపడ్డారని నేననుకోను. తోటమాలిగా చేసిన చేతులవి.

అదే సమయంలో ‘విల్కి’ అనే రహస్య సైనిక సంఘంలో చేరారు. విల్కి అంటే తోడేళ్లు. ఆయన మారుపేరు ‘ప్రావ్‌జిత్స్’. ఆ మొదటి చలికాలంలో రహస్యోద్యమం అంటే తుపాకులు పేల్చడం కాదు. మనుషుల్ని ఒకరికొకరిని కలపడం, కబురు చేరవేయడం, దొంగచాటుగా అచ్చయిన కాగితం చేతులు మార్చడం. బార్‌లో వెయిటర్‌కు వచ్చేపోయే మనుషులతో మాట్లాడటానికి వంక అక్కర్లేదు. కానీ మిగతావాళ్లకు లేని ఒక ప్రమాదం ఈయనకుంది: వార్సాలో ఆయన ముఖం తెలియనివాళ్లు తక్కువ. మారుపేరు పెట్టుకోవచ్చు, పత్రికల్లో వచ్చిన ముఖాన్ని ఏం చేస్తారు?

పరుగు వల్ల అలవడిన పట్టుదలే ఆయన్ని ఈ పనికి నడిపించిందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. పట్టుదల ఉండి, యుద్ధం వస్తే తలుపులు వేసుకున్న పరుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన పెరిగింది ఇద్దరు అన్నలు వెళ్లి తిరిగి రాని ఇంట్లో. మూడోవాడు తాను. జవాబు అక్కడ వెతకాలని నా నమ్మకం.

1940 మార్చి చివర్లో, ఉంటున్న ఇంటి గేటు దగ్గరే నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకుంది. రకొవ్యెత్స్కా వీధి జైల్లో పెట్టి, షూఖా అవెన్యూలోని గెస్టపో కార్యాలయానికి తీసుకెళ్లి ప్రశ్నించేవాళ్లు. చిత్రహింసలు పెట్టారు. దాదాపు మూడు నెలలు. ఆయన ఒక్క పేరూ చెప్పలేదు. షూఖా నేలమాళిగ గదుల గోడల మీద ఖైదీలు గీకిన రాతలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒకరు రాసిన మాట ఇది: పోలండ్ గురించి మాట్లాడటం తేలిక, దానికోసం పనిచేయడం కష్టం, చావడం ఇంకా కష్టం, బాధ భరించడం అన్నిటికన్నా కష్టం.

జూన్ 20, 21 తేదీల్లో ఖైదీలను లారీలు ఎక్కించి వార్సాకు వాయవ్యంగా కంపినోస్ అడవి అంచున ఉన్న పల్మిరికి తరలించారు. గోతులు ముందే తవ్వి ఉన్నాయి. కళ్లకు గంతలు కట్టి, గోతి అంచున వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ రెండు రోజుల్లో దాదాపు 360 మంది. కుసి వాళ్లలో ఒకరు. పోలండ్ పార్లమెంటు మాజీ స్పీకర్ మాచెయ్ రతాయ్ ఉన్నారు, సోషలిస్టు నాయకుడు న్యెజావ్‌కోవ్‌స్కీ ఉన్నారు, 1924 ఒలింపిక్స్‌లో సైకిల్ పందెంలో రజతం గెలిచిన తొమాష్ స్తంక్యేవిచ్ ఉన్నారు, 1928 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన స్ప్రింటర్ ఫెలిక్స్ జూబెర్ ఉన్నారు. అదే 21న ఫ్రాన్స్‌లో కొంపియేన్ రైలుపెట్టెలో హిట్లర్ ఫ్రెంచివాళ్ల ముందు లొంగుబాటు షరతులు పెడుతున్నాడు. లోకం కళ్లన్నీ అటే ఉన్నాయి. హెల్సింకీ ఒలింపిక్స్ తేదీకి దాదాపు నెల ముందు. ఆ ఒలింపిక్స్ కూడా జరగలేదు.

ప్రశ్న: ఆరు నెలలైనా తిరక్కముందే పట్టుబడ్డాడు. వంతెన కూల్చలేదు, శత్రువుని చంపలేదు. మరి ఆ ప్రాణం వృథా పోయినట్టు కాదా? మనసు కష్టపెట్టాలని అడగడం లేదు. (విశ్రాంత ఉద్యోగి)

జవాబు: కష్టపెట్టలేదు సార్, నేనూ ఇదే అడుక్కున్నాను. జర్మన్లకు మాత్రం ఆయన వృథా మనిషిగా కనబడలేదు. ఆ వసంతంలో ఆక్రమిత పోలండ్‌ను ఏలుతున్న జర్మన్ గవర్నర్ జనరల్ హాన్స్ ఫ్రాంక్ నడిపిన ‘ఏబీ ఆక్షన్’ లక్ష్యమే అది: జనం ఎవరి మాట వింటారో, ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారో వాళ్లను ఏరేయడం. టీచర్లు, లాయర్లు, నాయకులు, పేరున్న ఆటగాళ్లు. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి వార్సాలో ఉండగా పల్మిరికి వెళ్లాను. చుట్టూ పైన్ చెట్లు, వరసలు వరసలుగా శిలువలు, నక్షత్రం గుర్తున్న యూదుల సమాధులు. 2,200 మందికి పైగా అక్కడున్నారు. చాలా సమాధులకు పేరు లేదు. చంపినవాళ్లు గోతులు పూడ్చి, పైన నాచు పరిచి, మొక్కలు నాటి ఆనవాలు లేకుండా చేయాలనుకున్నారు. ఆ అడవిలో పనిచేసే పోలిష్ అటవీ సిబ్బంది ప్రాణాలకు తెగించి ఆ చోట్లకు రహస్యంగా గుర్తులు పెట్టుకున్నారు. యుద్ధం అయ్యాక ఆ గుర్తుల వెంటే తవ్వారు. కుసి సమాధి ముందు నిలబడ్డప్పుడు నా చేతిలో పూలు లేవు, ఊరికే చెప్పులు విప్పి నిలబడ్డాను. కింద నేల చల్లగా, పైన్ ఆకులతో మెత్తగా ఉంది.

వృథా అవునో కాదో నేను తీర్పు చెప్పలేను. రకొవ్యెత్స్కా జైల్లో ఆయన నోరు విప్పి ఉంటే ఇంకొన్ని ఇళ్ల గేట్ల దగ్గర గెస్టపో నిలబడి ఉండేది. అంతవరకు చెప్పగలను.

ప్రశ్న: ఆయన పేరున ఏమైనా పోటీలు జరుగుతున్నాయా? ఇలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? (అథ్లెటిక్స్ అభిమాని)

జవాబు: 1954 నుంచి పోలండ్‌లో కుసొచీన్‌స్కీ స్మారక పోటీలు జరుగుతున్నాయి.

ఇంకెవరంటే, యూజెఫ్ నోయి. కుసి తర్వాత పోలండ్ దూరపు పరుగుకు దిక్కయినవాడు, బెర్లిన్‌లో 5,000 మీటర్లలో ఐదోవాడు. ఆయన్నీ అరెస్టు చేసి నాజీల మరణశిబిరం ఔష్‌విట్జ్‌లో పెట్టారు. 1943లో అక్కడే చంపేశారు.

హలీనా కొనొపాత్స్కా కథ వేరు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో డిస్కస్‌ను 39.62 మీటర్లు విసిరి పోలండ్‌కు మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన ఆవిడ. 1939 సెప్టెంబరులో జర్మన్లకు చిక్కకుండా పోలండ్ బ్యాంకు బంగారం, సుమారు 75 టన్నులు, రొమేనియా మీదుగా దేశం దాటించిన వాహనశ్రేణిలో భర్తతో పాటు ఆవిడా ఉన్నారు. స్వయంగా బండి నడిపారు. ఆ ప్రయాణం గురించి రెండు పేరాల్లో చెప్పడం నాకు ఇష్టం లేదు. వచ్చే సంచికలో ఆవిడ గురించే రాస్తాను, అడగాల్సినవి ఉంటే ఈలోగా పంపండి.