నాటకం చదవాలనుకునే అమ్మాయికి: తెర ముందూ, తెర వెనుకా

ప్రశ్న: మా అమ్మాయి బడిలో నాలుగు నాటకాల్లో వేషాలు వేసింది. కిందటేడు ఒక నాటకంలో వేషం దొరక్కపోతే లైట్ల పని చూసుకుంది. ఇప్పుడు కళాశాలలో నాటకరంగమే చదువుతానని పట్టుబడుతోంది. నటన కోర్సులో చేరాలో, రంగస్థల నిర్వహణ కోర్సులో చేరాలో తనకే తేలడం లేదు. ఆ చదువులో ఏం నేర్పుతారో, అది పూర్తయ్యాక బతుకుతెరువు ఏమిటో మాకు అర్థం కావడం లేదు. ఏ దారి మంచిదో చెప్పగలరు. — ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో నా దృష్టి రెండో వాక్యం మీదే నిలిచింది. వేషం దొరకనప్పుడు చాలామంది పిల్లలు చిన్నబుచ్చుకుని ఆ నాటకానికే దూరమవుతారు. మీ అమ్మాయి మాత్రం వేరే పని పట్టుకుని నాటకంతోనే ఉండిపోయింది. ఆమెకు నచ్చింది చప్పట్లు మాత్రమే కాదని, నాటకం తయారయ్యే క్రమమే నచ్చిందని దీన్నిబట్టి అనుకోవచ్చు. అందుకే నా సలహా ఇది: చేరేటప్పుడే నటనా, నిర్వహణా అని తేల్చుకోవలసిన అవసరం లేదు. మొదటి ఏడాది రెండూ నేర్పి, ఆ తర్వాత శాఖను ఎంచుకోనిచ్చే కోర్సును వెతకండి. 1959లో ఏర్పడిన జాతీయ నాటక పాఠశాల (ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) మూడేళ్ల కోర్సు కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. మొదటి సంవత్సరం అందరికీ ఒకే పాఠాలు ఉంటాయి. ఆ తర్వాతే నటన వైపు, లేదా రూపకల్పన, దర్శకత్వాల వైపు విడిపోతారు.

ఈ రెంటినీ వేర్వేరు చదువులుగా చూడడం నిజానికి ఇటీవలి అలవాటు. భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (శరీర కదలికలు), వాచికం (మాట), ఆహార్యం, సాత్త్వికం (మనసులోని భావం) అని నాలుగు విధాలుగా చెప్పింది. వీటిలో ఆహార్యమంటే దుస్తులు, నగలు, ముఖానికి వేసే రంగులు, రంగస్థలం మీద వాడే వస్తువులు. అంటే ఈనాడు మనం తెరవెనుక పని అంటున్నదాన్ని ఆ గ్రంథం అభినయంలో భాగంగానే లెక్కించింది. రెండో అధ్యాయంలోనే నాటకశాల నిర్మాణాన్ని వివరిస్తూ, మధ్యమ పరిమాణంలోని దీర్ఘచతురస్రపు శాలకు 64 హస్తాల (మూరల) పొడవు, 32 హస్తాల వెడల్పు ఉండాలని, అంతకు మించితే నటుల మాట స్పష్టంగా వినపడదని, ముఖంలోని భావం కనపడదని కారణం కూడా చెప్పింది. నటన ఎక్కడ జరుగుతుందో తెలియకుండా నటన నేర్చుకోలేమన్న ఈ ఆలోచన మీ అమ్మాయి చదువుకు పునాది కావాలని నా కోరిక.

ఇక ఏం నేర్పుతారన్న మీ ప్రశ్నకు వస్తాను. నటన విభాగంలో రోజూ శ్వాస, స్వరం, శరీర కదలికల అభ్యాసం ఉంటుంది. మైకు లేకుండా, అరవకుండా, గొంతు పాడుచేసుకోకుండా చివరి వరుసలో కూర్చున్నవారికి గుసగుసను కూడా వినిపించడం నెలల తరబడి సాధన చేస్తే తప్ప రాదు. దానితోపాటు నాటకాన్ని సన్నివేశాలుగా విడదీసి, ప్రతి చోటా పాత్ర ఏం కోరుకుంటోంది, ఏది అడ్డుపడుతోంది అని పరిశీలించడం, అప్పటికప్పుడు కల్పించి నటించడం, నాటక చరిత్ర, రంగస్థల సిద్ధాంతాలు ఉంటాయి. పుస్తకాలతో పనిలేని చదువు అనుకుని చేరినవారు మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడతారు. పగలు తరగతులు, సాయంత్రం నుంచి రిహార్సల్స్ ఉంటాయి కాబట్టి వేరే చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదవడం కష్టం. ఇది ముందే తెలిసి ఉండాలి.

రంగస్థల నిర్వహణ గురించి బయటివారికి తెలిసింది తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సెట్టింగ్ రూపకల్పన చేసే విద్యార్థి మొదట నాటకాన్ని చదివి, 1:25 (అసలులో ఇరవై ఐదో వంతు) వంటి కొలతలో చిన్న నమూనా కట్టి, దాన్ని దర్శకుడి ముందు పెట్టి సమర్థించుకోవాలి. ఆ తర్వాత కొలతల చిత్రాలు గీసి, వడ్రంగుల చేత కట్టించాలి. లైటింగ్ విద్యార్థికి ఏ దీపం ఏ కోణంలో పెడితే ముఖం మీద నీడ ఎలా పడుతుందన్న కళాదృష్టితోపాటు విద్యుత్తు లెక్కలూ రావాలి. ఒకే కేబుల్ మీద 512 చానెళ్ల ద్వారా దీపాలను నియంత్రించే డీఎంఎక్స్ పద్ధతి 1986 నుంచి వాడుకలో ఉంది. దానితో పనిచేయడం ఈ శాఖలో అక్షరాభ్యాసం లాంటిది. శబ్దం, దుస్తులు, మేకప్, ప్రాపర్టీలు (రంగస్థలం మీద నటులు వాడే వస్తువులు) కూడా దేనికది విడి విద్యే.

వీటన్నిటినీ కలిపి నడిపే వ్యక్తి స్టేజ్ మేనేజర్. నా దృష్టిలో నాటకరంగంలో దీనికి మించిన శిక్షణ మరొకటి లేదు. మొదటి రిహార్సల్ నుంచి ఆ వ్యక్తి ఒక ప్రాంప్ట్ పుస్తకాన్ని తయారుచేస్తారు. ఏ మాట దగ్గర ఏ నటి ఏ వైపు నుంచి వస్తుంది, ఏ వస్తువు చేతిలో ఉంటుంది, ఏ క్షణంలో దీపం మారుతుంది, ఎక్కడ శబ్దం మొదలవుతుంది అనేవన్నీ అందులో ఉంటాయి. ప్రదర్శన వేళ హెడ్‌సెట్ పెట్టుకుని ముందు ‘స్టాండ్‌బై’ అని హెచ్చరిస్తారు, సరైన క్షణానికి ‘గో’ అంటారు. ఆ రెండో మాట వినపడితే ఆపరేటర్ వేలు కదులుతుంది కాబట్టి, నాటకం నడుస్తున్నంతసేపూ హెడ్‌సెట్‌లో ఆ మాటను మరే సందర్భంలోనూ అనకూడదన్నది కట్టుబాటు. మొదటి ప్రదర్శన అయ్యాక దర్శకుడు వెళ్లిపోవచ్చు. నాటకం రోజూ అదే తీరున జరిగేలా చూసే పూచీ ఈ వ్యక్తిదే.

బరువులు మోయడమే కదా అని బంధువులెవరైనా అంటే ఒక సంగతి చెప్పండి. 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరాక్వా థియేటర్‌లో ఆర్క్ దీపం నిప్పురవ్వ తెరకు అంటుకుంది. మంటను ఆపవలసిన రక్షణ తెర మధ్యలోనే ఇరుక్కుపోయింది, బయటికి వెళ్లే తలుపులు చాలా మూసి ఉన్నాయి. 600 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఏ తాడు ఎంత బరువు మోస్తుంది, ఏ బట్టకు మంట అంటుకోదు, ఏ తలుపు ఎప్పుడూ తెరుచుకోవాలి అనే పాఠాలు అటువంటి దుర్ఘటనల తర్వాతే ఈ చదువులో గట్టిగా చేరాయి. వందల మంది ప్రేక్షకులకు, నటులకు తెలియకుండానే వారి క్షేమాన్ని చూసుకునే విద్య ఇది.

కళాశాలను ఎంచుకునేటప్పుడు పేరును చూసి మోసపోవద్దు. ఏడాదికి ఎన్ని నాటకాలు ప్రేక్షకుల ముందు ప్రదర్శిస్తారు, అందులో మొదటి, రెండో సంవత్సరం విద్యార్థులకు నిజంగా పని దొరుకుతుందా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. లైట్ల బల్ల దగ్గర విద్యార్థి కూర్చుంటున్నారా, బయటి నుంచి తెచ్చిన మనిషి కూర్చుంటున్నారా అన్నది రెండోది. ఎంత గొప్ప పరికరం ఉన్నా విద్యార్థి చెయ్యి దాని మీద పడకపోతే ప్రయోజనం లేదు. అధ్యాపకులు ఇప్పటికీ నాటకాలు చేస్తున్నారో లేదో, గత మూడేళ్లలో బయటికి వచ్చినవారు ఏం చేస్తున్నారో కూడా అడగండి. వీలైతే అక్కడి విద్యార్థుల నాటకాన్ని వెళ్లి చూడండి. అయిపోయాక తెరవెనుక వారితో పది నిమిషాలు మాట్లాడితే చాలా తెలుస్తుంది. డిగ్రీ పేరులోనూ తేడా ఉంది. బి.ఎ.లో నాటకంతోపాటు ఇతర విషయాలకు చోటు ఎక్కువ. బి.ఎఫ్.ఎ. (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్)లో సమయంలో ఎక్కువ భాగం రంగస్థల సాధనకే పోతుంది. మీ అమ్మాయి ఇంకా తేల్చుకోలేదు కాబట్టి మొదటిదే ఆమెకు సరిపోతుందని నేననుకుంటున్నాను.

ప్రవేశానికి నటన విభాగంలో సాధారణంగా స్వభావంలో పరస్పర భిన్నమైన రెండు ఏకపాత్రాభినయాలు అడుగుతారు. ఆమె వయసుకు దగ్గరి పాత్రలు ఎంచుకోవడం మంచిది. ఏడుపులు, కేకలు ఉన్న ఘట్టాలే గొప్పవన్న భ్రమ వద్దు. నిర్వహణ విభాగంలో పోర్ట్‌ఫోలియో, అంటే అంతవరకు చేసిన పనుల సంపుటి చూస్తారు. పూర్తయిన నాటకం ఫొటోలు మాత్రమే కాక, అక్కడికి ఎలా చేరారో చెప్పే చిత్తు గీతలు, మార్చుకున్న ఆలోచనలు కూడా వారికి కావాలి. కిందటేడు లైట్ల కోసం ఆమె రాసుకున్న కాగితం ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయకండి, కొట్టివేతలతో సహా అదే పోర్ట్‌ఫోలియోలో మొదటి పుట కావచ్చు.

బతుకుతెరువు విషయంలో ఆశ పెట్టి మాట్లాడను. నటులకు ఒక నాటకం ముగిశాక మరొకటి దొరికేదాకా ఆదాయం ఉండదు. ఆ విరామం నెలల తరబడి సాగవచ్చు, ప్రతిభ ఉన్నవారికి కూడా. అందువల్ల చాలామంది బోధన, డబ్బింగ్, శ్రవ్య పుస్తకాల పఠనం వంటివి చేసుకుంటూ నటిస్తారు. లైట్లు, శబ్దం, స్టేజ్ మేనేజ్‌మెంట్ తెలిసినవారికి నాటకాలతోపాటు సంగీత కచేరీలు, నృత్య ప్రదర్శనలు, సభలు, ప్రదర్శనశాలలు, టెలివిజన్ చిత్రీకరణ కూడా పని ఇస్తాయి కాబట్టి వారికి అవకాశాల పరిధి పెద్దది. కానీ అక్కడా పని ఒప్పందాల మీదే ఎక్కువ నడుస్తుంది. అందరికీ సెలవైన సాయంత్రాలే వారికి పనిదినాలు. బడుల్లో నాటకం ద్వారా బోధన, నాటక సంస్థల ఆర్థిక నిర్వహణ, అదనపు చదువుతో నాటక చికిత్స వంటి దారులు కూడా ఉన్నాయి. నటన, నిర్వహణ రెండూ తెలిసిన మనిషిని చిన్న బృందాలు ముందుగా పిలుస్తాయన్నది నేను పదే పదే గమనించిన విషయం.

ఒక్క విషయంలో మాత్రం ఖచ్చితంగా చెబుతాను. ఈ చదువు కోసం పెద్ద అప్పు చేయవద్దు. మొదటి సంవత్సరాల ఆదాయం నిలకడగా ఉండదు కాబట్టి, నెలనెలా వాయిదా కట్టవలసిన అమ్మాయి మంచి నాటకంలో చిన్న పనిని వదులుకుని, నచ్చని ఉద్యోగానికి పోవలసి వస్తుంది. ఖర్చు తక్కువ ఉన్న కళాశాల దొరకకపోతే, వేరే డిగ్రీ చదువుతూ నాటక బృందంలో పనిచేసి, ఆ తర్వాత ఈ శిక్షణకు వెళ్లవచ్చు. పైన చెప్పిన జాతీయ నాటక పాఠశాల కూడా డిగ్రీ పూర్తయినవారినే చేర్చుకుంటుంది.

దరఖాస్తుల కాలం వచ్చేలోగా ఆమెను ఏదైనా నాటక బృందంలో స్టేజ్ మేనేజర్‌కు సహాయకురాలిగా ఒక్క నాటకానికి పంపండి. వేషం లేకపోయినా ఫరవాలేదు. స్క్రిప్ట్ మొదటిసారి చదివే రోజు నుంచి, ఆఖరి ప్రదర్శన అయ్యాక సెట్టు విప్పి ఎత్తే రాత్రి దాకా మొత్తం ఉండాలి. ఇంటికి వచ్చాక ఆమె చెప్పే కబుర్లలో నటుల సంగతులు ఎక్కువ ఉన్నాయో, ఆగిపోయిన దీపాన్ని ఎలా వెలిగించారన్న సంగతులు ఎక్కువ ఉన్నాయో గమనించి నాకు రాయండి. ఏ శాఖ అన్నది అప్పుడు ముగ్గురం కలిసి మాట్లాడుకోవచ్చు.