మూడు చక్రాల స్ట్రోలర్ కొనబోతున్న అమ్మడికి

అమ్మడూ,

ఆశీస్సులు. పాప కోసం చూస్తున్న మూడు స్ట్రోలర్ల, అదే పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బళ్ళ, ఫొటోలూ చూశాను. మూడూ చూడముచ్చటగానే ఉన్నాయి. అయితే వాటిలో ఏది తీసుకోవాలో చెప్పమంటే ఇప్పుడే చెప్పలేను. రంగు, సీటు గుడ్డ, గ్లాసు పెట్టుకునే గూడు అన్నీ వివరంగా రాశావు గానీ, ఆ బండి రోజూ ఏ దారిలో నడవాలో, ఇంటికొచ్చాక ఎక్కడ నిలవాలో ఒక్క ముక్క రాయలేదు. నేల విడిచి సాము చేస్తున్నావు.

ముందుగా ఒక సంగతి. మూడు చక్రాలున్నవన్నీ ఒక జాతివి కావు. అసలు సిసలు మూడు చక్రాల బండి పరుగు కోసం పుట్టింది. 1980లలో అమెరికాలో ఫిల్ బేక్లర్ అనే పాత్రికేయుడు పసివాడైన కొడుకును వెంటబెట్టుకుని పరుగెత్తాలనుకుని మామూలు స్ట్రోలర్‌కు సైకిలు చక్రాలు తగిలించాడు. 1984లో అలాంటి బళ్ళు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1965లో, ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ విమాన ఇంజినీరు గొడుగులా ముడుచుకునే తేలికైన అల్యూమినియం బండిని రూపొందించాడు. మొదటిది గతుకులకు తట్టుకోవడానికి, రెండోది ముడిచి చేత్తో పట్టుకుని ప్రయాణం చేయడానికి. ఈ రెండు సుగుణాలూ పూర్తిగా ఒకే బండిలో ఉన్నాయని అమ్మేవాళ్ళు చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకో. అలాంటివి చాలావరకు రెంటికీ చెడ్డవే.

నువ్వు పంపిన ఫొటోల్లో మొదటిది నిజమైన పరుగు బండి. ముందు చక్రం 12 అంగుళాలు, వెనుకవి 16 అంగుళాలు, గాలి టైర్లు, వెనుక ఇరుసు దగ్గర స్ప్రింగులు. రెండోది నడక బండి, చక్రాలు కాస్త చిన్నవి. మూడోదానికి ఆకారం మాత్రమే మూడు చక్రాలది. దగ్గరగా చూడు, ముందు ఒకే ఇరుసుకు రెండు బుల్లి చక్రాలు జంటగా ఉన్నాయి. దాంట్లో తప్పేమీ లేదు, నున్నటి నేల మీద చక్కగా తిరుగుతుంది. కంకర దారిలో మాత్రం ఆ బుల్లి చక్రాలు రాళ్ళ మధ్య ఇరుక్కుని ముందుకు కదలవు.

ఇక నీ దారి ఎలాంటిదో చూసుకో. గడ్డి, మట్టి, ఇసుక, గుంతలు పడ్డ రోడ్డు, పగిలిన కాలిబాట, వీటిలో ఏదైనా రోజూ ఎదురయ్యేదైతే పెద్ద గాలి చక్రాల బండికే నా ఓటు. పెద్ద చక్రం గుంతలో దిగదు, దాని మీదుగా దాటిపోతుంది. రాయి తగిలినప్పుడు ఆ కుదుపును టైరులోని గాలి చాలావరకు మింగేస్తుంది, పాప మెడ దాకా రానివ్వదు. అలాకాక నీ తిరుగుడంతా లిఫ్టులు, దుకాణాల నడవలు, బస్సుల్లోనే అయితే పది పన్నెండు కిలోల ఆ బండి నీకు బరువే తప్ప సుఖం కాదు. అప్పుడు తేలికపాటి నాలుగు చక్రాలదే తీసుకో, మూడు చక్రాల మీద మోజు పడకు.

ముందు చక్రం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. ఈ బండి గుణమూ దోషమూ అక్కడే ఉన్నాయి. ముందు ఒక్కటే చక్రం ఉండటంతో మలుపు తేలిక. ఒక చేత్తో తోస్తూ రెండో చేత్తో గొడుగు పట్టుకోవచ్చు. కాలిబాట గట్టు ఎక్కించాలంటే హ్యాండిల్‌ను కాస్త కిందికి నొక్కితే ముక్కు దానంతట అదే లేస్తుంది. కానీ బండి నేలకు ఆనేది మూడు చోట్లే, ముందువైపు ఒకే బిందువు మీద. అందుకే గట్టు అంచున ఏటవాలుగా దించినా, వేగంగా పోతూ చటుక్కున మలుపు తిప్పినా పక్కకు ఒరిగే అవకాశం నాలుగు చక్రాల బండి కన్నా ఎక్కువ. గట్టును ఎప్పుడూ నేరుగా ఎదుర్కో, ఏటవాలుగా కాదు. వెనుక చక్రాల మధ్య దూరం ఎక్కువగా, సీటు నేలకు దగ్గరగా ఉన్న బండి నిలకడగా ఉంటుంది. దుకాణంలో రెండు బళ్ళు పక్కపక్కన పెట్టిస్తే ఆ తేడా కంటికే తెలుస్తుంది.

ఆ ముందు చక్రం రెండు రకాలుగా పనిచేయాలి. నడిచేటప్పుడు అటూ ఇటూ తిరగాలి. వేగం పెంచినప్పుడు, గతుకుల్లో వెళ్ళేటప్పుడు దాన్ని నిటారుగా బిగించే లాకు ఉండాలి. తిరిగే చక్రంతో పరుగెత్తితే ఒక్కసారిగా గజగజ వణకడం మొదలుపెడుతుంది, లేదా చిన్న రాయి తగిలి అడ్డం తిరుగుతుంది. లాకు లేని బండితో పరుగు మాటే ఎత్తకు. చక్రం ఊడదీసి డిక్కీలో పెట్టుకునే వీలున్న బండైతే, మళ్ళీ తగిలించిన ప్రతిసారీ ముందు భాగం పైకెత్తి చక్రాన్ని గట్టిగా లాగి చూడు. సరిగ్గా బిగియని ముందు చక్రం దారిలో ఊడి పాప ముందుకు పడిన ప్రమాదాలు నిజంగా జరిగాయి.

లాకు వేసి, చేతులు తేలికగా ఆనించి పది అడుగులు నేరుగా తోసి చూడు. బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు ఇరుసు దగ్గర సర్దుబాటు మరలు ఉన్నాయేమో అడుగు. అంతకన్నా ముందు వెనుక టైర్లు రెండూ వేలితో నొక్కు. ఒకదానిలో గాలి తక్కువైనా బండి అటే లాగుతుంది. పాపం బండిని తిట్టిపోసి మరొకటి చూపించమంటారు చాలామంది.

టైర్ల సంగతికి వస్తే, గాలి టైరు మెత్తన, కానీ పంక్చరు పడుతుంది, నెల తిరిగేసరికి గాలి తగ్గుతుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. సైకిలు పంపుతో చేత్తో కొట్టుకోవడమే మేలు. పెట్రోలు బంకులోని పంపు ఆ చిన్న ట్యూబును క్షణంలో పేల్చేయగలదు. నురుగు నింపిన టైరుకు ఈ బాధలేవీ లేవు, కాకపోతే కుదుపు ఎక్కువ. ముళ్ళ దారి ఉంటే విడి ట్యూబు దొరుకుతుందో లేదో కొనేముందే తెలుసుకో. వాల్వు కారు టైరుకు ఉండే రకమైతే పంపు కోసం వెతుక్కోనక్కర్లేదు.

పాపకు ఇంకా మెడ నిలవలేదు కదా, అసలు జాగ్రత్త అక్కడే. పుట్టిన బిడ్డ చదునుగా పడుకోవాలి. పరుగు బళ్ళలో చాలావాటి సీటు పూర్తిగా వాలదు. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే పసిబిడ్డకు ఊపిరి ఇబ్బంది అవుతుంది. కాబట్టి ఈ నెలల్లో వాడాలంటే బిడ్డను చదునుగా పడుకోబెట్టేలా బండి చట్రానికి బిగించుకునే తొట్టి ఉందా అని అడుగు. కారు సీటును బండి మీద బిగించే అమరిక కూడా ఉంటుంది గానీ, అది ఇంటి నుంచి కారు దాకా చేర్చడానికి. అందులో గంటలకొద్దీ నిద్రపుచ్చడానికి కాదు.

పరుగు విషయంలో నీ తొందర నాకు తెలుసు. చాలా కంపెనీల పుస్తకాల్లో బిడ్డకు కనీసం ఆరు నెలలు నిండాలని ఉంటుంది, కొన్ని ఎనిమిది అంటాయి. పిల్లల డాక్టరును కూడా అడిగి మొదలుపెట్టు. పరుగుకు వెళ్ళినప్పుడు మణికట్టుకు తగిలించుకునే పట్టీ, వాలులో వేగం తగ్గించే చేతి బ్రేకు రెండూ ఉండాలి. ఇంకొక్కటి. పరుగెత్తేది నువ్వు, చెమట పట్టేది నీకు. పాప కదలకుండా కూర్చుని ఎదురుగాలి తింటుంది. నీకు వెచ్చగా ఉందని దాని ఒంటి మీది గుడ్డలు తీసేయకు. మధ్యలో ఆగి వేలితో మెడ వెనుక తాకి చూడు.

పరుగు బళ్ళలో బిడ్డ ముఖం ఎక్కువగా దారి వైపే ఉంటుంది. నీకేసి తిరిగి కూర్చునే సీటైతే మొదటి ఏడాది బాగుంటుందని నా అభిప్రాయం. 2008లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో సుజాన్ జీడిక్ చేసిన అధ్యయనంలో బిడ్డ ఎదురుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఎక్కువ మాట్లాడతారని తేలింది. నువ్వు ఎలాగూ వసపిట్టవే, నీకు పెద్ద తేడా పడకపోవచ్చు.

దుకాణానికి పాపను తీసుకెళ్ళనక్కర్లేదు. దాదాపు దాని బరువున్న సంచి ఒకటి తీసుకెళ్ళి సీటులో పెట్టి తోయి. ఖాళీ బండి ఎవరు తోసినా సీతాకోకచిలుకే. నీ మామూలు నడక నడువు. అడుగు ముందుకు వేసినప్పుడల్లా కాలు బండి వెనుక ఇరుసుకు తగులుతుంటే ఆ బండి నీ ఎత్తుకు సరిపడదు. మీ ఆయన నీకన్నా బాగా పొడవు కాబట్టి హ్యాండిల్ ఎత్తు మార్చుకునేదే చూడండి. బ్రేకును షూతో కాదు, రోజూ వేసుకునే చెప్పులతో నొక్కి, మళ్ళీ విడిపించి చూడు. కొన్నింటిని కాలివేళ్ళతో పైకి ఎత్తాలి, బొటనవేలి గోరు లేచిపోతుంది. ఒకే మీటను మళ్ళీ కిందికే నొక్కితే విడిపోయే రకం నాకిష్టం.

బెల్టు అయిదు చోట్ల పట్టేది కావాలి, రెండు భుజాలు, నడుముకు రెండు పక్కలా, కాళ్ళ మధ్య ఒకటి. బిగించాక భుజం పట్టీ కింద రెండు వేళ్ళు దూరితే చాలు, అరచెయ్యి దూరితే వదులు. కాళ్ళ మధ్య పట్టీ ఎప్పుడూ వేయాలి, లేకపోతే నిద్రలో కిందికి జారిన బిడ్డ మెడ ఇరుక్కుంటుంది.

ముడిచి చూడు, అదీ నువ్వే ముడువు, అమ్మేవాళ్ళ చేత ముడిపించకు. చంకలో బిడ్డ ఉన్నట్టు ఒక చెయ్యి కట్టేసుకుని ప్రయత్నించు. విప్పేటప్పుడు, మూసేటప్పుడు పాప దగ్గరలో ఉండకూడదు. 2009లో అమెరికాలో ఒక కంపెనీ దాదాపు పది లక్షల స్ట్రోలర్లను వెనక్కి పిలిచింది, బండి మడత కీళ్ళ దగ్గర పిల్లల వేలికొనలు తెగినందుకే. అప్పటి నుంచి కీళ్ళకు తొడుగులు వస్తున్నాయి, నువ్వు చూసే బండికి ఉన్నాయో లేదో తడిమి చూడు. లేబుల్ మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 గానీ అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్833 గానీ ఉంటే కాస్త నమ్మకం. ఎన్ని కిలోల వరకు మోస్తుందో కూడా అందులోనే చూసుకో.

ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. కొన్ని మెట్ల పక్కన స్ట్రోలర్ల కోసం రెండు సన్నని పట్టాలు వేస్తారు. నాలుగు చక్రాల బండి అయితే రెండేసి చక్రాలు వాటిలో కుదురుతాయి. నీ బండి ముందు చక్రం ఆ రెండింటి మధ్య గాలిలో వేలాడుతుంది. వెనుక చక్రాల మీద వెనక్కి వంచి, వెనక్కి నడుస్తూ పైకి లాక్కోవాలి, దానికి తోడు మనిషి కావాలి. నీ రోజువారీ దారిలో అలాంటి మెట్లు ఉన్నాయా? ట్రాము పట్టాలు దాటే చోటు ఉంటే వాటికి అడ్డంగా, లంబకోణంలోనే దాటాలి, ఒంటి చక్రం ఆ గాడిలో ఇరుక్కుంటుంది.

ఎవరో వాడినది చవగ్గా వస్తుందని అన్నావు. తీసుకోవచ్చు. చట్రం అతుకుల దగ్గర పగుళ్ళు, టైరు పక్కల చీలికలు, బెల్టు కొక్కేలు అన్నీ ఉన్నాయా, బ్రేకు రెండు చక్రాలనూ పట్టుకుంటుందా చూడు. మోడల్ సంఖ్య రాసుకుని కంపెనీ దాన్ని ఎప్పుడైనా వెనక్కి పిలిచిందేమో వాళ్ళ వెబ్‌సైట్లో వెతుకు. సముద్రపు ఇసుకలో తిరిగిన బండైతే బేరింగులు కరకరలాడతాయి. చక్రం పైకెత్తి తిప్పి విను.

కొన్నాక హ్యాండిల్‌కు బరువైన సంచులు తగిలించకు. పాపను ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి వెల్లకిలా పడుతుంది. బుట్ట కిందే ఉంది, బరువు అక్కడ పెట్టు. ఎండకని బండి మీద గుడ్డ కప్పొద్దు, పలుచనిదైనా సరే, లోపల వేడి తెలియకుండా పెరిగిపోతుంది. దాని పందిరి లాగితే చాలు, చాలకపోతే నీడకు నడువు. గ్లాసు గూడు సంగతి నువ్వు చివరకు ఆలోచించుకో.

రేపు టేపు పట్టుకుని ఇంటి గుమ్మం, లిఫ్టు తలుపు, డిక్కీ లోపలి పొడవు, వెడల్పు, లోతు కొలిచి పంపు. వీలైతే నువ్వు రోజూ నడిచే దారి ఫొటో కూడా. అవి చూశాక ఆ మూడింటిలో ఏదో, లేక ఏదీ కాదో చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు
మీ పెద్దమ్మ