తాళాలు ఇవ్వు, పక్కన కూర్చో

అమ్మడూ,

మీ అబ్బాయి గది తలుపు వేసుకుంటున్నాడనీ, కారు నేర్పమని ప్రాణం తీస్తున్నాడనీ నిన్న ఫోన్లో ఒకటే బాధపడ్డావు. నువ్వు ఇంటర్ చదివిన హాస్టల్లో మీ నాన్న వచ్చి సంతకం పెడితేగానీ ఔటింగ్‌కి వదిలేవారు కాదు. వాడు పెరుగుతున్నది డల్లాస్‌లో. 16 ఏళ్ళొచ్చినవాడు తాళాలు అడగడం ఇక్కడ ఎదురు తిరగడం కాదు. తలుపంటావా, కొట్టి లోపలికెళ్ళు, సరిపోతుంది.

అలాగని అమెరికా వాళ్ళు పిల్లల్ని గాలికి వదిలేస్తారంటే నమ్మకు. మీ డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో 18 లోపువాళ్ళు లైసెన్సుకి ముందు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 30 గంటలు నడపాలి, అందులో 10 రాత్రిపూట. లైసెన్సు వచ్చాక కూడా మామూలుగా అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా బండి తియ్యకూడదు. ఇంటివాళ్ళు కాని కుర్రాళ్ళని ఒకరికి మించి ఎక్కించుకోకూడదు. ఆ గంటలన్నీ అల్లుడుగారి మీదికి నెట్టెయ్యకు, నువ్వే కూర్చో. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు రోడ్డు చూస్తూ బోలెడు చెబుతారు. నువ్వు మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా ‘బ్రేకు, బ్రేకు’ అని అరవకు.

వాడి ఫ్రెండ్సు వేసవిలో షాపుల్లో పనిచేసి సంపాదించుకుంటారు. ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ పిల్లలకిచ్చే హెచ్-4 వీసా మీదున్న మీ వాడు అలా జీతానికి చెయ్యకూడదు. అదీ నువ్వు పెట్టిన అడ్డే అనుకుంటాడు. వీసా కాగితాలు ముందుపెట్టి చెప్పు. 21 నిండితే ఆ డిపెండెంట్ హోదా ఉండదన్నదీ దాచకు, అది వాడి బతుకు సంగతి. నెలకింతని చేతిలో పెట్టు. ఆ డబ్బుకి లెక్క అడక్కు.

స్లీపోవర్లు, అదే ఫ్రెండ్స్ ఇళ్ళల్లో రాత్రి పడుకోవడం, నీకు ఇష్టం లేకపోతే వద్దను, తప్పేం లేదు. కానీ ‘నలుగురూ ఏమనుకుంటారు’ అంటే ఇక్కడ పెరిగిన పిల్లలకి ఎక్కదు. ‘ఆ ఇంటివాళ్ళెవరో తెలీదు, ముందు ఒకసారి కలుస్తాను’ అను. అదైతే వాడికి అర్థమవుతుంది.

ఇంకొకటి. 18 నిండాక వాడు ఆసుపత్రిలో ఉన్నా, వాడు సరేననకపోతే డాక్టర్లు నీకు వివరాలు చెప్పకపోవచ్చు. కాలేజీ మార్కులూ అంతే, ఫీజు నువ్వు కట్టినా సరే. అందుకే పుట్టినరోజు దాటగానే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద, అంటే వాడు చెప్పలేని స్థితిలో ఉంటే వాడి తరఫున వైద్యం సంగతి నువ్వు నిర్ణయించడానికి వీలిచ్చే కాగితం మీద, సంతకం చెయ్యమని అడుగు. అడగాలి, ఇక చెప్పి చేయించేది కాదది. డార్మ్ (కాలేజీ హాస్టల్) సామాన్లు కొనే హడావిడిలో చాలామంది మర్చిపోతారు, ఇప్పుడే ఫోన్లో రిమైండర్ పెట్టుకో.

మీ పెద్దమ్మ