ఉలి పట్టిన పిల్లవాడిని ఏ బడికి పంపాలి?

నంద్యాల జిల్లా నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న: "మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. సెలవుల్లో ఊరి దగ్గరి శిల్పుల షెడ్డుకు వెళ్లి, చేతి ఉలితో గ్రానైట్ ముక్క మీద చిన్న ఏనుగు బొమ్మ చెక్కుకొచ్చాడు. ఇక శిల్పమే నేర్చుకుంటానంటున్నాడు. వాళ్ల నాన్నగారు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమంటున్నారు. రాళ్లు కొట్టుకునే పనికి ఇంత చదువు ఎందుకని బంధువులు అంటున్నారు. మమ్మల్ని ఏం చేయమంటారు?"

అమ్మా, మీరు పంపిన ఫొటోలోని ఏనుగును చాలాసేపు చూశాను. చెవులు మందంగా ఉన్నాయి, వెనక కాళ్లు రెండూ ఒకే దిమ్మెలా కలిసిపోయాయి. అయినా తొండాన్ని గాలిలో వదిలేయకుండా, వంచి ముందు కాలికి ఆనించడం నన్ను ఆపేసింది. గ్రానైట్ ఎంత బరువునైనా మోస్తుంది కానీ వంగదు. సన్నగా బయటికి చాచిన భాగం ఒక్క దెబ్బ తేడా వస్తే విరిగిపోతుంది, విరిగినదాన్ని మళ్లీ కలిపి పిసకడానికి అది మట్టి కాదు. అలా ఆనించమని ఎవరైనా చెప్పారా, తానే ఆలోచించుకున్నాడా అని మీ అబ్బాయిని అడగండి. తానే ఆలోచించుకుని ఉంటే, రాయి స్వభావాన్ని గౌరవించే బుద్ధి అతనిలో ఉన్నట్టే. చేతి నైపుణ్యం నేర్పవచ్చు గానీ ఆ బుద్ధిని నేర్పడం కష్టం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అతన్ని శిల్పవిద్యలో చేర్చండి. అయితే షెడ్డులో రోజుకూలికి కాదు, గీతతోనూ కొలతతోనూ మొదలుపెట్టి నేర్పే నాలుగేళ్ల చదువులో చేర్చండి. షెడ్డులో నేర్చుకున్నవారిలో మహానుభావులు ఉన్నారు, వారి చేతిని నేను తక్కువ చేయడం లేదు. కానీ కొలతల శాస్త్రం చేతికి రాకుండా కూలికి కుదిరిన పిల్లవాడు పదేళ్ల తరువాత కూడా మరొకరు గీసి ఇచ్చిన గీత మీదే ఉలి ఆడిస్తూ ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ శాస్త్రం ఏమిటో మీకు కొంచెం వివరిస్తాను, ఎందుకంటే బంధువులకు మీరు ఇవ్వవలసిన జవాబు అందులోనే ఉంది. దేవతా విగ్రహాన్ని శిల్పి తన ఇష్టం వచ్చిన పొడవులో చెక్కడు. ముఖం పొడవును ఒక తాళంగా, తాళాన్ని పన్నెండు అంగుళాలుగా తీసుకుని (ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారే భాగం) శరీరమంతటినీ లెక్క కడతారు. విష్ణువు, శివుడు వంటి ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళం, అంటే పది తాళాల మీద నాలుగు, మొత్తం 124 అంగుళాలు, అమ్మవార్లకు మధ్యమ దశతాళం, అంటే సరిగ్గా పది తాళాలు, 120 అంగుళాలు, వినాయకుడికి పంచతాళం, అంటే అయిదు తాళాలు. దేవత రూపాన్ని వర్ణించే ధ్యానశ్లోకంలో ఏ చేతిలో ఏ ఆయుధం చెప్పి ఉంటే అదే రావాలి. చివరగా కళ్లు తెరిచే ఘట్టం ఉంటుంది, దాన్ని నేత్రోన్మీలనం అంటారు; అంతవరకు అది రాయి, ఆ తరువాత పూజకు తగిన మూర్తి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడికి ఇందులో కావలసినంత లెక్క ఉందని వాళ్ల నాన్నగారికి చెప్పండి.

జంతువుల శిల్పం దారి వేరు. అక్కడ శ్లోకం కంటే చూపు ఎక్కువ పని చేస్తుంది. మహాబలిపురంలో కృష్ణ మండపం గోడ మీద ఒకతను ఆవును పితుకుతుంటే ఆ ఆవు తల తిప్పి దూడను నాకుతూ ఉంటుంది. దగ్గరలోనే ఉన్న పెద్ద శిలాఫలకంలో ఒక జింక వెనక కాలితో ముక్కు గోక్కుంటూ కనిపిస్తుంది. పదమూడు వందల ఏళ్ల క్రితం పల్లవుల కాలపు శిల్పి పశువుల మధ్య తిరిగి, ఆగి, చూస్తేనే అది సాధ్యమైంది. లేపాక్షి నందినీ ఒకసారి చూపించండి. ఒకే బండను మలిచిన ఆ నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉంటుంది. అంత పెద్ద శరీరంలోనూ మెడలోని గంటల దండ ఎక్కడ బిగువుగా ఒరుసుకుంటుందో, గంగడోలు ఎక్కడ వదులుగా మడత పడుతుందో వేరువేరుగా తెలుస్తుంది. మీ ఇంట్లో పశువులు ఉంటే అతని మొదటి పాఠశాల మీ కొట్టమే.

ఇక చదువు సంగతి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప, వాస్తుశిల్ప సంస్థలో పదో తరగతి తరువాత నాలుగేళ్ల డిప్లొమా ఉంది. శిలాశిల్పంతో పాటు ఆలయ నిర్మాణం, సుధాశిల్పం (సున్నపు గారతో చేసేది), లోహశిల్పం, దారుశిల్పం (చెక్కతో చేసేది), సంప్రదాయ చిత్రలేఖనం వేరువేరు విభాగాలుగా చెబుతారు. మీ అబ్బాయికి నేను మొదట సూచించేది ఇదే. ఇంటర్ పూర్తి చేసి వెళ్లదలిస్తే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్పంలో బీఎఫ్ఏ, అంటే లలితకళల డిగ్రీ, ఉంది, అయితే అక్కడి మొగ్గు ఆధునిక శిల్పం వైపు. మహాబలిపురంలో 1957లో మొదలైన ప్రభుత్వ కళాశాల సంప్రదాయ శిల్పానికి పేరుపొందినదే. కానీ పరిసరమంతా తమిళం కాబట్టి భాషకు సిద్ధపడి వెళ్లాలి.

బతుకుతెరువు గురించి మీ భయం సహజమైనది. కొత్త ఆలయాలు, పాత ఆలయాల జీర్ణోద్ధరణ, ఉద్యానవనాలకు కావలసిన బుద్ధుడి ప్రతిమలు, ఏనుగులు, సింహాలు, ఇవన్నీ గ్రానైట్ పనులే. 2022 మార్చిలో పునఃప్రారంభమైన యాదాద్రి ఆలయాన్ని కృష్ణశిల అనే నల్లరాతితోనే కట్టారు. హుస్సేన్ సాగర్‌లోని ఏకశిలా బుద్ధుడు ఎస్.ఎం. గణపతి స్థపతి నాయకత్వంలో ఎందరో శిల్పులు కలిసి చేసిన పని. దేవాదాయ శాఖలో స్థపతి, అంటే ఆలయ శిల్ప నిపుణుడి, ఉద్యోగాలు ఉన్నా అవి కొద్దిపాటివి, వాటినే నమ్ముకోవద్దు. ఎక్కువమంది కూలితో మొదలై, గుత్తకు పని తీసుకునే స్థాయికి, ఆపైన సొంత షెడ్డుకు వెళతారు. పద్దెనిమిదేళ్లు నిండి, స్వయంగా పని చేసుకుంటున్నప్పుడు కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలో నమోదు చేసుకోవచ్చు. 2023 సెప్టెంబరులో మొదలైన ఆ పథకం వర్తించే పద్దెనిమిది వృత్తుల్లో శిల్పి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, మొదటి విడతగా లక్ష వరకు అయిదు శాతం వడ్డీకి రుణం అందులో ఉన్నాయి.

యంత్రాలు వచ్చాక చేతిపని ఉంటుందా అని మీరు అడగలేదు, కానీ వాళ్ల నాన్నగారు అడుగుతారు. దిమ్మెను కోసి, ముతక రూపం తెచ్చే పని చాలావరకు యంత్రానికి వెళ్లిపోయింది. అక్కడ పోటీ పడవలసిన అవసరం లేదు. ముఖం, వేళ్లు, కనురెప్పల అంచు దగ్గర మాత్రం చేయి వదలని పని ఇంకా ఉంది, ధర పలికేది అక్కడే.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టే విషయానికి వస్తున్నాను. గ్రానైట్‌లో స్ఫటికం, అంటే సిలికా, చాలా ఎక్కువ. ఉలి కంటే గ్రైండరు ఎన్నో రెట్లు సన్నని ధూళిని లేపుతుంది. కంటికి కనిపించే పొడి కంటే, కనిపించకుండా ఊపిరితిత్తుల అడుగుకు చేరే ధూళి ప్రమాదకరం. దాని వల్ల వచ్చే సిలికోసిస్ అనే జబ్బు ఏళ్ల తరువాత బయటపడుతుంది, వచ్చాక నయం చేసే మందు లేదు, క్షయ సోకే అవకాశాన్నీ పెంచుతుంది. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఆ ధూళిని ఆపదు. రాయిని తడుపుతూ కోయడం, గాలి ఆడే చోట కూర్చోవడం, ఎన్95 లేదా అంతకంటే మేలైన మాస్కు సరిగా బిగించుకోవడం, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష, ఇవి మొదటి రోజు నుంచీ అలవాటు కావాలి. పద్దెనిమిది నిండేదాకా గ్రైండరు ముట్టనివ్వకండి, ఎవరు ముట్టించబోయినా అడ్డం పడండి. ప్రమాదకరమైన పనుల్లో ఆ వయసు పిల్లలను పెట్టకూడదని చట్టమూ చెబుతోంది. ఏ సంస్థలో చేర్చబోయినా ముందు ఒక పూట వెళ్లి, పని చేసే చోట నీళ్ల గొట్టం ఉందా, పిల్లల ముఖాలకు మాస్కులు ఉన్నాయా అని మీ కళ్లతో చూసుకోండి. లేకపోతే ఎంత పేరున్న చోటైనా నేను వద్దనే అంటాను.

ప్రవేశ ప్రకటన వచ్చేలోగా రాయిని పక్కన పెట్టించి, ఒక డ్రాయింగ్ పుస్తకం, కొంత బంకమట్టి ఇవ్వండి. అదే ఏనుగును ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి నాలుగు బొమ్మలుగా గీయమనండి. నాలుగింటిలోనూ ఎత్తు ఒకటే రావాలి. తరువాత దాన్ని మట్టిలో చేయమనండి, ఈసారి వెనక కాళ్లు విడివిడిగా. ఆ గీతలు, మట్టి బొమ్మ ఫొటోలు నాకు పంపించండి, చూసి మళ్లీ రాస్తాను.