దుబ్రోవ్నిక్‌లో ఒక్క పూట: అత్తగారి మోకాళ్లు, ఓడ టైమ్

ప్రశ్న: జూన్‌లో నేను, మా ఆయన, మా అత్తగారు (68 ఏళ్లు) ఇటలీలో క్రూజ్ ఎక్కుతున్నాం. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో ఓడ ఉదయం 8కి ఆగి సాయంత్రం 5కి బయల్దేరుతుందట. ఓడవాళ్ల టూర్ రేటు చూస్తే కళ్లు తిరిగాయి. సొంతంగా వెళ్లొచ్చా? అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కోటగోడ ఎక్కలేరు. ఎక్కకపోతే ఊరు చూసినట్టేనా?
- ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. వాళ్ల టూర్‌తో ఉన్న పెద్ద లాభం ఒక్కటే, వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనం ఆలస్యమైతే ఆగదు. అందుకే 5కి ఓడ అంటే మీరు మూడున్నరకే పాత ఊరు (కోటగోడ లోపలి ఊరు) వదిలేయండి. మేం వెళ్లినప్పుడు ఐస్‌క్రీమ్ కోసం ఆగి, తీరా బస్టాప్‌కి వస్తే రెండు ఓడల జనం అక్కడే ఉన్నారు, ఆ టెన్షన్‌లో ఐస్‌క్రీమ్ ఏం తిన్నామో కూడా గుర్తులేదు. ఇంకోటి, కొన్ని ఓడల్లో గడియారం ఊరి టైమ్‌తో కలవదు, దిగేటప్పుడే ఫోన్‌లో టైమ్ సరిచూసుకోండి.

పెద్ద ఓడలు ఎక్కువగా గ్రూజ్ రేవులో ఆగుతాయి. అక్కడి నుంచి పాత ఊరి పీలే ద్వారం మూడు కిలోమీటర్లు, సిటీ బస్సులుంటాయి. నడుద్దాం అనుకోకండి, అత్తగారి ఓపికంతా రోడ్డు మీదే అయిపోతుంది. కొన్ని ఓడలు దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో పాత రేవులోనే దింపుతాయి, అలా అయితే మీ అదృష్టం.

గోడ సంగతి. చుట్టుకొలత 1,940 మీటర్లు, కొన్నిచోట్ల 25 మీటర్ల ఎత్తు, మెట్లే మెట్లు, పైన నీడ దాదాపు ఉండదు, పైగా ఒకే దిశలో నడవాలి కాబట్టి మోకాలు పట్టేస్తే వెనక్కి తిరిగి రాలేం. ఆవిడని ఎక్కించొద్దు. మీరిద్దరూ ఎక్కాలంటే మాత్రం దిగీ దిగగానే, ఎండ ముదరకముందే ఒకరి తర్వాత ఒకరు వెళ్లి రండి. 2025లో గోడ టికెట్ 40 యూరోలు, గోడతో పాటు సిటీ బస్సూ మ్యూజియంలూ కలిసిన ఒక రోజు పాస్ కూడా అంతే! వెళ్లేముందు ఈ ఏడాది రేటు చూసుకుని పాస్ తీసుకోండి.

ఆవిడకి పైనుంచి ఊరు చూపించాలంటే స్‌ర్జ్ కొండకి కేబుల్ కారు ఉంది. స్టేషన్ పాత ఊరికి ఎగువన ఉంటుంది, అక్కడిదాకా టాక్సీలోనే వెళ్లండి. 412 మీటర్ల ఎత్తు నుంచి పెంకుటిళ్ల కప్పులన్నీ కనిపిస్తాయి. వాటి రంగు కాస్త నిదానంగా చూడండి. కొన్ని పెంకులు వెలిసిపోయి గోధుమరంగులో ఉంటాయి, చాలావాటికి మాత్రం కొత్త ఇటుక రంగు. క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోయినప్పుడు యుగోస్లావ్ సైన్యం చేసిన 1991-92 ముట్టడిలో, ముఖ్యంగా 1991 డిసెంబర్ 6న, ఊరి మీద గుండ్ల వర్షం కురిసింది. 1979 నుంచే యునెస్కో జాబితాలో ఉన్న ఊరని ఎవరూ ఆగలేదు. పాత ఊళ్లోని 824 భవనాల్లో మూడింట రెండు వంతుల పైన దెబ్బతిన్నాయి. కొత్త పెంకులు ఆ తర్వాత వేసినవే. నాకైతే గోడ మీద నడవడంకన్నా ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది.

కింద మాత్రం అత్తగారికి హాయి. ప్రధాన వీధి స్త్రాదున్ మూడువందల మీటర్లుంటుందేమో, చదునైన సున్నపురాయి. అడుగులు పడీపడీ ఎంత నున్నగా అయిందంటే, ఇప్పుడే కడిగారనుకుని మా అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచింది. వాన పడితే నిజంగానే జారుతుంది, పట్టున్న చెప్పులు వేయించండి. పీలే ద్వారం దాటగానే 1438 నాటి ఒనోఫ్రియో ఫౌంటెన్, పన్నెండు కిలోమీటర్ల అవతల నుంచి నీళ్లు తెప్పించి కట్టింది, చుట్టూ పదహారు ముఖాలు. ఆ నీళ్లు తాగొచ్చు, సీసాలు నింపుకోండి. ఎదురుగానే ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317 నుంచి నడుస్తున్న మందుల షాపు, పాత పద్ధతిలో చేసిన గులాబీ క్రీమ్ అమ్ముతారు. వీధి చివర ఓర్లాండో అనే కథల్లోని వీరుడి విగ్రహం చెక్కిన స్తంభం. మనం పూలు మూరల్లో కొలిచినట్టే వీళ్లు ఆ విగ్రహం మోచేతి పొడవుతో, అంటే 51.2 సెంటీమీటర్లతో, బట్టలు కొలిచేవారట. మల్లెపూలమ్మికీ కొనేవాళ్లకీ మూర దగ్గర వచ్చే గొడవ వీళ్లు 1418లోనే రాయి నిలబెట్టి తీర్చేశారు!

మీరు అడగలేదు కానీ వీసా సంగతి కూడా చూసుకోండి. క్రొయేషియా 2023 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, ఇటలీ కూడా అందులోదే) ఉంది, పక్క దేశం మాంటెనెగ్రో లేదు. మీ ఓడ మధ్యలో మాంటెనెగ్రోలోని కోటోర్‌కి వెళ్లి మళ్లీ ఇటలీ వస్తుందంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి.

ప్రశ్న: మేం శాకాహారులం. అక్కడ ఆకలితో మాడాల్సిందేనా?
- మరో పాఠకురాలు, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. బ్లిత్వా అడగండి, ఆకుకూర, బంగాళదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేస్తారు. చేపల పక్కన పెట్టే కూర అది, విడిగా ప్లేటు నిండా పెట్టమంటే పెడతారు. కారం ఉండదు, కారప్పొడి పొట్లం మీరే తీసుకెళ్లండి.